హిజ్రాల రక్షణ – నగరాధికారుల బాధ్యత

హైదరాబాదు కూడళ్లలో రాకపోకలను క్రమపరచుటకై 2024 డిసెంబరులో నగర పోలీసుశాఖవారు 39 మంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులను ట్రాఫిక్కు సహాయకులుగా ఎంపిక చేసిరి. ముఖ్యమంత్రి శ్రీ రేవంతురెడ్డిగారి సూచనపై జరిగిన ఈ కార్యమును మేము సంతోషముతో శ్లాఘించుచున్నాము. కూడలిలో చేయి చాచి నిలిచినవారినే చూచుట కలవాటుపడిన నగరమునకు, చేయెత్తి బండ్లనాపువారు కానవచ్చుట చిన్న మార్పు గాదు. అయినను హిజ్రాలు చిరకాలముగా నడుగుచున్న ప్రశ్న వేరొకటి గలదు. తమపై దౌర్జన్యము జరిగిన రాత్రి ఠాణాకు బోయినచో ఫిర్యాదు వ్రాసికొందురా, లేక తమనే నేరస్థులనుగా జూతురా? దీనికి నగరాధికారులు స్పష్టమైన సమాధానము చెప్పవలసియున్నారు.

ఈ భయము ఊరక పుట్టినది గాదు. నిజాము ప్రభుత్వము 1329 ఫసలీలో, అనగా 1919లో, యూనక్స్ ఆక్టు అను చట్టమును గావించెను. అనుమానితులని తోచిన హిజ్రాల పేర్లను, నివాసములను రిజిస్టరులో నెక్కింపవలెనని అది శాసించెను. అందు పేరెక్కినవారు స్త్రీవేషముతో వీధిలో గానవచ్చినను, బహిరంగముగా నాట్యమాడినను వారంటు లేకయే పట్టుకొని రెండేండ్ల వరకు చెరలో నుంచవచ్చును. దొంగతనమక్కరలేదు, కొట్లాట యక్కరలేదు. చీర కట్టుటయే చాలును! పహాణీలో తప్పుగా నెక్కిన పేరును సరిచేయించుకొనుటకు ఎన్ని పర్యాయములు కచేరీ మెట్లెక్కవలెనో భూవసతిగల మా పాఠకులెరుగుదురు. మనిషినే అనుమానితునిగా నెక్కించు రిజిస్టరు ఎట్టిదో వారూహించుకొనగలరు.

సంస్థానము పోయెను. రాజ్యాంగము వచ్చెను. రాష్ట్రము పేరు రెండుమార్లు మారెను. చట్టము మాత్రము చెక్కుచెదరలేదు. తుదకు వైజయంతి వసంత మొగ్లి మున్నగువారు 2018లో హైకోర్టు నాశ్రయింపగా, ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి. వి. భాస్కరరెడ్డిగార్లు 2023 జులైలో దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసిరి. నూటనాలుగేండ్లు! ఇన్ని శాసనసభలలో నొక్కదానికైనను దానిని రద్దుచేయు తీరిక లేకపోయెను గాబోలు.

చట్టము పోయినంతమాత్రమున ఠాణాలోని అలవాటు పోదు. 2019లో పార్లమెంటు చేసిన చట్టము వీరిపై లైంగిక దౌర్జన్యము చేసినవారికి ఆరునెలలు మొదలు రెండేండ్ల వరకు మాత్రమే శిక్ష విధించెను. స్త్రీపై అత్యాచారమునకు పదేండ్లకు తగ్గని శిక్ష విధించుచు, వీరి మానమునకింత తక్కువ వెల కట్టుట అన్యాయము. ఆ లోపము ఢిల్లీది; దానికి నగర కమీషనరుగారిని నిందింపజాలము. కాని వచ్చిన ఫిర్యాదును నమోదు చేయుటయు, విచారించుటయు, త్రోసిపుచ్చిన ఉద్యోగిని సంజాయిషీ అడుగుటయు ఆయన చేతిలోని పనులే. 2021లో సైబరాబాదు పోలీసులు గచ్చిబౌలి ఠాణాలో వీరికై ప్రత్యేక విభాగము నేర్పరచిరి గదా; కావున దారి తెలియదనుటకు వీలులేదు.

హిజ్రాలనుండి ఎన్ని ఫిర్యాదులు వచ్చెనో, ఎన్నింటిని నమోదు చేసిరో, ఎన్ని కోర్టుకెక్కెనో, ఏ ఉద్యోగులపై చర్య గైకొనిరో ఠాణాలవారీగా ఏటేట ప్రకటింపవలెను. ఫిర్యాదుదారుల పేర్లు ఎవరికిని అక్కరలేదు. ఠాణాల పేర్లు చాలును. మొదటి లెక్కను రానున్న జనవరిలోనే ప్రజలముందుంచవలెనని కమీషనరుగారిని మేము కోరుచున్నాము.