కవితాగోష్ఠికి కట్టుబాట్లు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు చెందిన మేము పదునొకండుగురము స్త్రీలము నెలకొక తూరి కూడి, పద్యములు చదువుకొని చర్చించుకొనుచున్నాము. 2023 డిసెంబరున ఆడువారికి ఆర్టీసీ బస్సులలో చార్జి లేకుండ చేసిన పిమ్మటనే మాకీ సాహసము కలిగినది. ఒక నెల యొకరి యింట, మరునెల వేరొకరి యింట. ఇంతకాలము మాకు నియమము లేవియు లేకుండెను. చుట్టముల యింటికి పోవువారికి నియమము లెందుకని తలచితిమి. ఆ తలంపు తప్పని తెలియుటకు నేనే కారణమైతిని గనుక, ఈ నెల ఆ సంగతియే వ్రాయుచున్నాను.

మా గోష్ఠిలో సిరిసిల్ల కోడలొకతె కలదు. వయసున అందరికంటె చిన్నది. వారింట మరమగ్గములు కలవు. శ్రావణమాసమున జగిత్యాలలో కూడినపుడు ఆమె నాలుగు ఆటవెలదులు చదివినది. రాత్రివేళ కరెంటు పోయి సాంచల చప్పుడాగిన తోడనే, ఉయ్యాలలోని బిడ్డ యులికిపడి లేచుట అందలి విషయము. చప్పుడునకు గాక నిశ్శబ్దమునకు మేల్కొను బిడ్డను నేను చదివిన ప్రబంధములలో నెచ్చటను చూచియుండలేదు. కాని నాడు నాకా భావము కనబడలేదు. మూడవ పద్యమున యతి తప్పినది. అది మాత్రము కనబడినది. అంతతో నూరకొనక, “సాంచ యను మాట యే నిఘంటువున నున్నదమ్మా?” యని యడిగితిని. అందరును నవ్విరి. ఆమెయు నవ్వినది. కాగితము మడిచి సంచిలో నుంచుకొని, టీ త్రాగి, బస్సు వేళయైనదని లేచినది. తరువాతి రెండు నెలలును రాలేదు.

చిన్ననాట మా తండ్రిగారు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అప్పకవీయము చెప్పిరి. యతిప్రాసలు చెవికి పట్టుబడినవి గాని, ఎదుటివారి మొగము చూచి మాటాడుట పట్టుబడినట్లు లేదు. సిరిసిల్లకు పోయి, ఆమె యింట కూర్చుండి, నాదే తప్పని చెప్పబోతిని. “అట్లనకు అక్కా, యతి తప్పింది నిజమే, దిద్దుకుంట. కానీ మా ఇంట్ల దాన్ని సాంచ అనే అంటరు. దానికి ఇంకో పేరు యాడికెల్లి తేవాలె?” అని యడిగినది. నాయొద్ద జవాబు లేకపోయెను.

ఇటువంటి నవ్వొకటి మన చరిత్రలో కలదు. 1921 నవంబరున హైదరాబాదులో కార్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగినది. అందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేవగా సభికులు కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. అదియే పెరిగి ఆంధ్ర మహాసభ యైనది. ఆ మహాసభ 1935లో సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను కూడినది; దానితో పాటు మాణిక్యమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగినది. తెలుగు మాటకు జరిగిన పరాభవమునుండి పుట్టిన సభకు ఆతిథ్య మిచ్చిన యూరి మాటను చూచి నేను నవ్వితిని!

నొచ్చుకొన్నవారు పట్టుదలతో నింకను బాగుగ వ్రాయుదురు గదా యని మాలో నొకరు వాదించిరి. నైజాము రాష్ట్రమున కవులు లేరన్న మాటకు బదులుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 మంది కవులను చూపలేదా యనిరి. చూపిరి. వారికి చేతిలో పత్రిక యుండెను. అంట్లు తోమి, బిడ్డను నిద్రబుచ్చి, రాత్రి పదిగంటలకు కలము పట్టు కోడలి కేమున్నది? కాగితము పెట్టె యడుగున చేరును, అంతియే.

కార్తికమున కోరుట్లలో కూర్చుండి కట్టుబాట్లు చేసికొంటిమి. పద్యమును రెండుమార్లు చదువనిచ్చి, మొదట అర్థమును గూర్చి మాటాడి, పిదపనే ఛందస్సును తడవవలెను. అర్థముకాని మాటను “ఇది యేమి మాట?” యని గాక, “మీ యింట దీని నెట్లు వాడుదురు?” అని యడుగవలెను. ఇది నాకై చేసిన నియమమని యందరికిని తెలియును.

పద్యమును గూర్చియే గాని వ్రాసిన యామెను గూర్చి పలుకరాదన్న నియమము వద్ద చాలసేపు నిలిచితిమి. ముద్దుపళని రాధికాసాంత్వనమును విమర్శించుచు వీరేశలింగముగారంతటివారు సయితము ఆమె పుట్టుకను, వృత్తిని ఎత్తి నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును సమగ్రముగ అచ్చువేయించి బదులు చెప్పగా, ప్రభుత్వమువారు పుస్తకమునే నిషేధించిరి. ఆ నిషేధము తొలగుటకు 1947 రావలసివచ్చెను.

గోష్ఠిలో చదివిన పద్యము, కవయిత్రి యొప్పుకొననిదే, గడప దాటరాదు. అత్తగారిపై వ్రాసిన సీసమొకటి ఆ అత్తగారి చెవినే పడిన పిమ్మట దీనికి ఎదురాడిన వారు లేరు.

జగిత్యాల పెద్దమ్మగారు మాత్రము, “తప్పు చెప్పకున్న అది గోష్ఠి కాదు, పేరంటము” అనిరి. ఆ మాటయు నిజమే. కావున “బాగున్నది” అని యొంటిగా పలుకరాదనియు, ఏది బాగున్నదో చూపవలెననియు, తప్పును కవయిత్రి యడిగినపుడు దాపరికము లేక చెప్పవలెననియు చేర్చితిమి. అడుగనిచో? పెద్దమ్మగారు చెప్పితీరవలెనందురు, నేను వలదందును. అది తేలలేదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులలో అప్రస్తుత ప్రసంగి యొక్కడే గదా. పదునొకండుగురము ఆ పని పూనినచో పద్యము చదువువా రెవరు?

మార్గశిరమున గోష్ఠి సిరిసిల్లలో, ఆ కోడలి యింటనే. పిలిచినది ఆమెయే. ఆవేళ సాంచలు నడుచుచుండునట. గొంతెత్తి చదువవలసి యుండునని కబురంపినది.