తుఫానుకు ముందే దాటిపోయే గడువు



వార్షికోత్సవ సంచిక అనగానే మార్కులు, ఆటల పోటీలు, హాస్టల్ జ్ఞాపకాలు రాయడం ఆనవాయితీ. వాటిని రాసేవారు ఎలాగూ ఉన్నారు. మేము మాత్రం మన ఇళ్లలో ప్రతి తుఫాను తర్వాత వినిపించే ఒక మాట గురించి రాయదలిచాం. "గడువు అయిపోయిందట, మన పేరు లేదట" అన్నదే ఆ మాట.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మనకు దూరమేమీ కాదు. మనది నల్లరేగడి నేల, పడిన నీరు త్వరగా ఇంకదు. రెండు మూడు రోజులు నీరు నిలిస్తే మిరప వేరు కుళ్లి మొక్క నిలువునా వడలిపోతుంది. విచ్చిన పత్తి తడిసి రంగు మారుతుంది, కింది కాయలు కుళ్లిపోతాయి. ఈ నష్టం భూమి ఉన్నవారికీ, కౌలుకు చేసేవారికీ ఒకేలా జరుగుతుంది. పరిహారం మాత్రం ఒకేలా రాదు.

ఎందుకు రాదని అడిగితే, "మీవాళ్లు సమయానికి అర్జీ పెట్టుకోరు, చదువు లేదు, అశ్రద్ధ" అనే జవాబు వస్తుంది. ఈ మాటను మేము ఒప్పుకోం. మన తల్లిదండ్రుల్లో చాలామందికి గడువు దాటిపోయేది తుఫాను వచ్చాక కాదు. దానికి నాలుగైదు నెలల ముందే, ఆకాశంలో మబ్బు కూడా లేని రోజుల్లోనే దాటిపోతుంది.

ఎలాగో చూద్దాం. ప్రకృతి విపత్తులో పంట పోతే ప్రభుత్వం ఇచ్చేది పెట్టుబడి రాయితీ. పంట కనీసం 33 శాతం దెబ్బతింటేనే దీనికి లెక్క. 2015కు ముందు ఈ హద్దు 50 శాతంగా ఉండేది. 2022 నుంచి 2026 వరకు కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం విపత్తు నిధి నుంచి హెక్టారుకు వర్షాధార భూమికి 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న భూమికి 17,000 రూపాయలు. ఈ డబ్బు రావాలంటే అంచనా బృందం పొలానికి వచ్చేసరికి ఆ పంట ఈ-పంటలో ఎక్కి ఉండాలి, సాగు చేసిన మనిషి వేలిముద్ర పడి ఉండాలి. ఖరీఫ్ పంటల నమోదు మామూలుగా సెప్టెంబరు, అక్టోబరు దాకా సాగుతుంది. డిసెంబరులో తుఫాను వచ్చాక "నా పంట రాసుకోండి" అంటే వినేవారుండరు.

పాస్‌పుస్తకం ఉన్న రైతుకు ఆ నమోదు పెద్ద పని కాదు. కౌలు రైతుకు దాని కంటే ముందు ఇంకో మెట్టు ఉంది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలలు చెల్లే సీసీఆర్సీ కార్డు ఇస్తారు. ఆ చట్టం ప్రకారం దానికి భూ యజమాని సంతకం కావాలి. మన ప్రాంతంలో కౌలు చాలావరకు నోటి మాట మీదే నడుస్తుంది. కాగితం మీద సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనని యజమాని భయం. ఆ భయం అక్కర్లేదని, కార్డు వల్ల భూమిపై ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. అయినా సంతకం పడదు. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది కౌలు వేరొకరికి పోతుందని మన నాన్నలు అడగరు. ఇక్కడే, జూన్, జూలై నెలల్లోనే, వాళ్ల గడువు దాటిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మన పెద్దలు ఊరికే అనలేదు.

పంటల బీమాలోనూ గడియారం రైతు వైపే వేగంగా తిరుగుతుంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల్లో వడగళ్లు, ముంపు వంటి స్థానిక విపత్తులకు 72 గంటల్లోగా నష్టం సంగతి తెలియజేయాలి. కరెంటు పోయి, ఫోను చార్జింగ్ అయిపోయి, ఓగేరు వాగు పొంగి దారులు మూసుకుపోయే రోజులే ఆ 72 గంటలు! మరి అవతలి వైపు సంగతేమిటి? మన రాష్ట్రంలో 2019 ఖరీఫ్ బీమా పరిహారం రైతుల ఖాతాల్లో పడింది 2020 డిసెంబరు 15న. ఆలస్యం చేసిన బీమా కంపెనీలు 12 శాతం వడ్డీ కట్టాలని 2018లో నిబంధన చేర్చారు. అంటే పెద్దవాళ్ల ఆలస్యానికి వడ్డీ శిక్ష, పేదవాడి ఆలస్యానికి మొత్తం హక్కే రద్దు. ఇదేం న్యాయం?

గడువే వద్దని మేము అనడం లేదు. పాడైన పంటను దున్నేశాక నష్టం లెక్క కట్టడం కష్టం. తేదీ లేకపోతే దొంగ పేర్లు చేరే మాట కూడా నిజమే. కానీ గడువు దాటినవారిలో అబద్ధం చెప్పేవారు ఎవరు, దారి లేక ఆగిపోయినవారు ఎవరు అని విడదీసి చూడవద్దా? అమెరికాలో విపత్తు ప్రకటించాక బాధిత కుటుంబాల దరఖాస్తుకు సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆలస్యానికి కారణం చెబితే ఆ తర్వాత మరో 60 రోజుల వరకు తీసుకునే వీలుంది. అంత దూరం ఎందుకు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయల సాయం ప్రకటించారు. ఇంటికి తాళం వేసి బంధువుల ఊళ్లకు వెళ్లిన కొందరి పేర్లు మొదటి లెక్కల్లో రాలేదు. వారి నుంచి మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు. పట్నంలో ఇంటికి చేసిన పని పల్లెలో పొలానికి చేయలేరా?

మేము అడిగేవి మూడే. ఒకటి, యజమాని సంతకం లేకపోయినా చుట్టుపక్కల రైతుల సాక్ష్యంతో, గ్రామసభలో విచారించి సాగుదారును గుర్తించాలి. కౌలు రైతు సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నదీ ఇదే. రెండు, జాబితా రైతు సేవా కేంద్రంలో అంటించడంతో సరిపెట్టక మాలపల్లెలో, మాదిగపల్లెలో, తండాలో చదివి వినిపించాలి. మూడు, కారణం చూపినవారికి రెండో గడువు ఇవ్వాలి, తిరస్కరిస్తే ఎందుకో రాసి ఇవ్వాలి.

ప్రభుత్వం వినేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా... వీటిలో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఉపకార వేతనం ఆగిపోతుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కాగితాలతో కుస్తీ పట్టి నేర్చుకున్నవాళ్లం మనం. ఆ నేర్పు మన వీధికి పనికిరావాలి. మన హాస్టళ్లు తెరిచేది జూన్‌లో, ఏరువాక కూడా అప్పుడే. సెలవుల నుంచి తిరిగి వచ్చేలోగా మన వీధిలో ఎవరు ఎన్ని ఎకరాలు కౌలుకు చేస్తున్నారో ఒక నోటుపుస్తకంలో రాయండి. సీసీఆర్సీ కార్డుకు అర్జీ పెట్టించండి. ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు అడగండి. దసరా సెలవుల్లో ఈ-పంట జాబితాలో పేర్లు సరిచూడండి. పేరు లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇప్పించండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. అడిగిన 30 రోజుల్లో సమాచారం ఇవ్వాల్సిన గడువు అధికారిది. మనకు అనుకూలంగా ఉన్న గడువును మనమెందుకు వాడుకోకూడదు?

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మీలో ఉపాధ్యాయులు, సచివాలయ ఉద్యోగులు, వకీళ్లు ఉన్నారు. చదువుకున్నవాళ్లే తనను నిరాశపరిచారని బాబాసాహెబ్ అంబేద్కర్ 1956లో ఆగ్రా సభలో బాధపడ్డారు. వార్షికోత్సవానికి వచ్చి దండలు వేయించుకుని వెళ్లకండి. ఏడాదికి రెండు ఆదివారాలు, జూన్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి, మీ ఊరి కౌలు రైతులకు కేటాయించండి.

తుఫానును మనం ఆపలేం. కానీ వచ్చే తుఫాను నాటికి మన తల్లిదండ్రుల పేర్లు జాబితాలో ఉండేలా చూడటం మన చేతుల్లో పని. ఆ పని డిసెంబరులో కాదు, జూన్‌లోనే మొదలుపెడదాం.