గోదావరికి నీలం రంగేనా?

రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన పూరిల్లు, కొబ్బరిచెట్టు, ముందు నీలంగా ఏరు. పిల్లల డ్రాయింగు పుస్తకం ఏది తెరిచినా ఇదే సీనరీ. మా రాజమండ్రిలో గోదావరి గట్టు పక్కనే పెరిగే పిల్లలూ ఇదే వేస్తారు! శ్రావణంలో ఎర్రనీరు వచ్చినప్పుడు ఆ నదిలో నీలం ఎక్కడుంది? యెల్లో ఓకర్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా కలిపితే తప్ప ఆ రంగు రాదు.

పిల్లల్ని అనడమెందుకు? కథలకు బొమ్మలు వేసే మాలాంటి వాళ్లం కూడా ఇంట్లో బల్ల దగ్గరే కూర్చుంటే అన్ని కథల్లోనూ ఒకటే చెరువు వస్తుంది. అందుకే నేను రంగులు పట్టుకుని రేవుకు పోతుంటాను. ఈ పనికి వాటర్ కలరే హాయి. చిన్న రంగుల పెట్టె, రెండు కుంచెలు, మందపాటి కాగితం, సీసాడు నీళ్లు... అన్నీ చేతిసంచిలో పట్టేస్తాయి. తెల్లరంగుతో పనిలేదు. నీటి మీద మెరుపు కావాలంటే అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలెయ్యడమే. ముందు లేత రంగులు, అవి ఆరాక ముదురువి. తొందరపడితే ఆకాశం జారి కొవ్వూరు ఒడ్డు మీద పడుతుంది! ఆరేదాకా ఊరికే కూర్చోవాల్సిందే.

ఆ ఊరికే కూర్చోవడమే ఆడవాళ్లకు కుదరదు. రేవులో బట్టలుతికే ఆవిడనీ, దీపాలు వదిలే ఆవిడనీ ఎవరూ ఏమీ అడగరు. అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చున్నామా, ఇక ప్రశ్నలే. "ఎవరికోసమమ్మా? అమ్ముతారా? మీతో ఎవరొచ్చారు?" మగవాడు గంటలకొద్దీ కూర్చుంటే గాలికొచ్చాడంటారు. మనకు మాత్రం ఏదో ఒక పనుండాలి.

కుందేలు పిల్ల కథలు రాసి, బొమ్మలు కూడా తనే వేసిన బియాట్రిక్స్ పాటర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1866లో లండన్‌లో పుట్టిన ఆవిడ పెళ్లికాని కూతురిగా నలభైకి దగ్గరపడేదాకా అమ్మానాన్నల కనుసన్నల్లోనే ఉంది. వేసవిలో వాళ్లతో కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లినప్పుడు ఆరుబయట కూర్చుని బొమ్మలు వేసుకునేది. 1903లో వచ్చిన ఉడుత కథలో బొమ్మల వెనక కనిపించేది అక్కడి డెర్వెంట్‌వాటర్ సరస్సే. పుస్తకాల డబ్బు చేతికొచ్చాక, 1905లో ఆ ప్రాంతంలోనే పొలం కొనుక్కుంది. 1943లో పోయేనాటికి నాలుగు వేల ఎకరాలకు పైగా కూడబెట్టి, నేషనల్ ట్రస్టుకు రాసిచ్చింది. గంటలతరబడి చూసి వేసిన నేల మీద మమకారం అలా పెరుగుతుంది కాబోలు.

మనమేమో ఆడపిల్లను డ్రాయింగు క్లాసుకు పంపి, క్యాలెండరు బొమ్మ ముందు కూర్చోబెడుతున్నాం. నెలకొక ఆదివారం మీ ఊరి చెరువుగట్టుకో, కాలువ ఒడ్డుకో తీసుకెళ్లి గంటసేపు వదిలెయ్యండి. మీరూ పక్కనే ఒక కాగితం పెట్టుకోండి. ఆ పూట వంట కాస్త ఆలస్యమవుతుంది, కానివ్వండి.