పచ్చ అంటే తప్పా?



మా అవ్వోళ్లు గడ్డినీ పచ్చ అంటారు, పసుపునీ పచ్చ అంటారు. వానలకు ఉదయగిరి కొండా పచ్చే, ఆత్మకూరు సంతలో పండిన నిమ్మకాయా పచ్చే. "రెండు రంగులకు ఒకే పేరేంది, చదువు లేనోళ్లు" అని కొందరు నవ్వుతారు. అట్లా నవ్వడం తప్పని నా అభిప్రాయం. చదువుకున్నోళ్లు మాత్రం పచ్చగడ్డి, పచ్చకామెర్లు అనరా? కామెర్లొస్తే కళ్లు గడ్డి రంగుకు మారతాయా?

1969లో అమెరికాలో బెర్లిన్, కే అనే పండితులు రంగుల పేర్ల మీద పుస్తకం రాశారు. తర్వాత లిపి లేని 110 భాషలోళ్లకు 330 రంగు ముక్కలు చూపించి పేర్లు అడిగారు. 2007లో రేజియర్, కే, ఖేతర్‌పాల్ ఆ పేర్లను కంప్యూటరుతో లెక్క కట్టారు. కంటికి దగ్గరి రంగులు ఒకే పేరు కింద, దూరపు రంగులు వేరే పేర్ల కింద ఉంటే మార్కులు ఎక్కువ. పేర్ల హద్దులు పక్కకు జరిపి చూస్తే చాలా భాషలకు మార్కులు తగ్గినాయి. అంటే పేర్లు కొన్నే ఉన్నా పంచుకోవడం తెలివిగానే ఉంది. చదువు రాని నోళ్లు చేసిన లెక్క అది!

కాబట్టి సెలవులకు ఇంటికి పోయినప్పుడు యానాదోళ్లు, ఎరుకలోళ్లు, సుగాలోళ్లు ఎవరి పెద్దల్ని వాళ్లు అడగండి. ఏ రంగును ఏమంటారో రాసుకొని రండి. మనం రాయకపోతే ఆ పేర్లు ఏ కంప్యూటరుకూ తెలియవు.

– 9వ తరగతి విద్యార్థిని