సైకిలునకు ఏ లోహము మేలు?

మన పాఠశాలకు పెక్కుమంది విద్యార్థులు దూరపు పల్లెలనుండి సైకిళ్లపై వచ్చుచున్నారు. ఇంటి చెంతనే వేరొక భాషలో బోధించు పాఠశాల యున్నను, తెలుగున చదువుకొనవలెనని దానిని దాటి వచ్చువారికి సైకిలు ఆటవస్తువు కాదు, చదువునకు ఆధారము. కావున తల్లిదండ్రులు "మిక్కిలి తేలిక" యను దుకాణదారుని ఒక్క మాటను నమ్మి అధిక ధనము వెచ్చించుట మాకు సమంజసముగా తోచదు.

ముందుగా రెండు గుణములను వేరుపరచి చూతము. బరువు మోపినపుడు సులభముగా వంగకుండుట దృఢత్వము. విరుగకుండుట బలము. లోహపు దృఢత్వమును తెలుపునది యంగ్ గుణకము. ఉక్కునకు అది సుమారు 200 గిగాపాస్కలులు. అల్యూమినియమునకు 70 మాత్రమే. అల్యూమినియపు బరువును ఉక్కు బరువులో ఇంచుమించు మూడవ వంతే. అనగా ఒకే కొలతల గొట్టములు చేసినచో అల్యూమినియపు గొట్టము మూడవ వంతు తూగును. మూడు రెట్లు వంగును. ఈ లోటు తీర్చుటకే అల్యూమినియపు ఫ్రేములకు లావు గొట్టములు వాడుదురు. రేకు మందము మారక గొట్టపు వ్యాసము రెట్టింపైనచో బరువు రెండింతలే యగును. దృఢత్వము సుమారు ఎనిమిదింతలగును. కావున దృఢత్వము లోహమునందే కాక ఆకారమునందును గలదు. ఖరీదైన మిశ్రమపు ఉక్కు సయితము మామూలు ఉక్కుకంటె దృఢమైనది కాదు, బలమైనది మాత్రమే. ఆ బలమువలననే గొట్టమును పలుచన చేసి బరువు తగ్గింపగలుగుదురు.

ఇక మా అభిప్రాయము. చక్రపు రిమ్ములు అల్యూమినియమువైనచో మేలు. వానలో తడిసినపుడు, మెరుగుపూత గల ఉక్కు రిముకంటె దానిపై బ్రేకు బాగుగా పట్టును. ఫ్రేము, ఫోర్కు మాత్రము ఉక్కువే యుండవలెను. ఒక హద్దునకు లోబడిన కుదుపులను ఉక్కు ఎన్ని లక్షల మారులైనను సహించును. అల్యూమినియమునకు అట్టి హద్దు లేదు. చెల్లెలిని వెనుక కూర్చుండబెట్టుకొని గతుకుల బాటను ఏండ్ల తరబడి వచ్చు బాలునకు ఈ భేదము చిన్నది కాదు. ఉక్కు ఫ్రేము విరిగినను ఊరి వెల్డింగు దుకాణమున అతికింపవచ్చును. అల్యూమినియమును అతుకుట అందరి పని కాదు.

ఉక్కునకు త్రుప్పు దోషము గలదు, నిజమే. రంగు లేచినచోట వెంటనే మరల రంగు పూసినచో అది ఆగును.

విద్యార్థులారా! క్రొత్త సైకిలు కొనునాడు మీ తండ్రిగారి వెంట దుకాణమునకు వెళ్లుడు. "ఎంత తేలిక?" అని కాక, "ఏ భాగము ఏ లోహము? ఎందుచేత?" అని అడుగుడు. తరగతిలో తెలుగున నేర్చిన శాస్త్రము ఆనాడు మీ కుటుంబమునకు అక్కరకు వచ్చును.