సలాం చెప్పకుండా ఇంట్లోకి

కడపలో మా వీధి ఇళ్ల తలుపులు పగటివేళ సాధారణంగా మూసి ఉండవు. గుమ్మానికి ఒక పరదా మాత్రం వేలాడుతూ ఉంటుంది. ఎంత దగ్గరి బంధువైనా ఆ పరదాకు ఇవతలే నిలిచి సలాం చెబుతాడు. లోపలి నుంచి జవాబు వస్తేనే అడుగు పెడతాడు. అనుమతి పొందకుండా, సలాం చెప్పకుండా ఇతరుల ఇళ్లలో ప్రవేశించరాదని దివ్య ఖుర్ఆన్ సూరహ్ నూర్ 27వ ఆయతులో ఆదేశించింది. మూడుసార్లు అడిగినా అనుమతి లభించకపోతే తిరిగి వెళ్లిపోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు. ఈ నియమం చూపును అదుపులో ఉంచడానికే ఏర్పడిందని కూడా ఆయన వివరించారు. కాలు గడప దాటకపోయినా చూపు దాటితే హద్దు మీరినట్లే.

ఇంత మర్యాద ఎరిగిన మనమే వై.వి. స్ట్రీట్‌లో ఏ దుకాణానికో వెళ్తాము. బిల్లు రాసే కుర్రవాడు ఫోన్ నంబరు అడగగానే, వెనుక పదిమంది వింటుండగా బిగ్గరగా చెప్పేస్తాము. ఒక్కోసారి అది ఇంటి ఆడపిల్ల నంబరు. ఎందుకని మాత్రం అడగము.

మొన్న రాత్రి భోజనాల దగ్గర ఈ విషయమే చర్చకు వచ్చింది. "కంపెనీ మహా అయితే ఒక ప్రకటన చూపిస్తుంది అబ్బా! ప్రభుత్వం తలచుకుంటే జైల్లో పెడుతుంది. భయపడవలసింది ప్రభుత్వానికే" అన్నాడు పెద్దవాడు. "ప్రభుత్వాన్ని ఓటుతో దింపవచ్చు భయ్యా. కంపెనీని ఎవరు దింపుతారు?" అని చెల్లెలు ఎదురడిగింది. మేము వెంటనే తీర్పు చెప్పలేకపోయాము.

ఇద్దరి మాటలోనూ నిజముంది. ప్రభుత్వం అడిగితే కాదనే వీలు పేదవాడికి ఉండదు. చౌకధరల దుకాణంలో బియ్యం కావాలంటే వేలిముద్ర వేయాలి, పింఛను కావాలంటే ఆధార్ చూపాలి. కంపెనీ బలవంతపెట్టదు. ఉచితమని, రాయితీ అని ఆశ చూపి తీసుకుంటుంది. అయితే ఇవి రెండు వేర్వేరు గుమ్మాలని భావించడమే పొరపాటు.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరైనా చూడగలిగేలా ఉన్నట్లు బయటపడింది. కులాన్ని, మతాన్ని బట్టి వెతికే వీలు కూడా అందులో ఉంది. ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకున్న పేదవాడు తన మతాన్ని ఆ పత్రంలో రాసింది లోకానికంతా చూపమని కాదు. ఏ వీధిలో ఏ మతస్థులున్నారో చెప్పే జాబితా దుర్మార్గుల చేతిలో పడితే ఏమవుతుందో మన సమాజానికి వేరే చెప్పనవసరం లేదు.

మరుసటి ఏడాది ఎన్నికల వేళ హైదరాబాద్‌లోని ఐటీ గ్రిడ్స్ అనే ప్రైవేటు కంపెనీపై కేసు నమోదైంది. మన రాష్ట్రంలో అప్పటి అధికార పార్టీకి సేవామిత్ర యాప్ తయారుచేసింది ఆ కంపెనీయే. రెండు తెలుగు రాష్ట్రాల ప్రజలకు చెందిన 7.8 కోట్లకు పైగా ఆధార్ వివరాలు దాని వద్ద ఉన్నాయంటూ 2019 ఏప్రిల్‌లో ఆధార్ సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. అవి తన సర్వర్ల నుంచి దొంగిలించినవని చెప్పే ఆధారాలు లేవన్నది. పార్టీ ఆరోపణలను తోసిపుచ్చింది. తప్పెవరిదో తేల్చవలసింది న్యాయస్థానాలే. అయినా సర్కారుకిచ్చిన వివరం కంపెనీ దాకా చేరుతుందన్న భయం మాత్రం ప్రజల్లో మిగిలిపోయింది.

కంపెనీకిచ్చిన వివరం సర్కారు దాకా చేరడానికి మరింత బాధాకరమైన ఉదాహరణ ఉంది. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపే ముస్లిం ప్రో యాప్‌ను ప్రపంచమంతటా 9.8 కోట్లకు పైగా సార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు. దాన్ని వాడేవారు ఎక్కడెక్కడ ఉన్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే కంపెనీకి, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు చేరుతోందని 2020 నవంబరులో మదర్‌బోర్డ్ పత్రిక వెల్లడించింది. ఆ తర్వాత యాప్ యాజమాన్యం ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకున్నట్లు ప్రకటించింది. ఖిబ్లా వెతుక్కునే విశ్వాసి నిలిచిన చోటే అమ్మకపు సరుకైంది!

ఇతరుల గుట్టు కూపీ లాగవద్దని సూరహ్ హుజురాత్ 12వ ఆయతు వారిస్తుంది. పాలకునికైనా ఇందులో మినహాయింపు లేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనాలో గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లో అనుచితమైన సందడి విని, గోడ ఎక్కి లోపలికి దిగారని ఒక ప్రసిద్ధ కథనం ఉంది. ఆ గృహస్థుడు తన తప్పును ఒప్పుకుంటూనే, ఖలీఫా మూడు తప్పులు చేశారని గుర్తుచేశాడు. కూపీ లాగారు, వాకిలి విడిచి గోడ ఎక్కారు, సలాం లేకుండా, అనుమతి లేకుండా ప్రవేశించారు. ఖలీఫా ఆ మాటను అంగీకరించి, అతణ్ణి క్షమించి వెళ్లిపోయారట.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కంపెనీలు మన సమ్మతి తీసుకోవాలన్నది. కానీ ప్రభుత్వ సంస్థలకు భద్రత పేరిట మినహాయింపులిచ్చే వీలు కల్పించింది. గోడ దిగిన ఖలీఫాను నిలదీసిన ఆ గృహస్థునికున్న ధైర్యాన్ని సామాన్యునికిచ్చే చట్టం ఇంకా రావలసే ఉంది. దానికోసం అడుగుతూ ఉండడం పౌరులుగా మన బాధ్యత.

మన చేతిలో ఉన్న పని కూడా తక్కువేమీ కాదు. ఫోన్ నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణదారులకు సూచించింది. కనుక నంబరు లేకుండానే బిల్లు ఇమ్మని మర్యాదగా అడగవచ్చు. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతి చాలునేమో అడిగి చూడవచ్చు. నమాజు వేళలకు మస్జిదు గోడమీది పట్టిక ఉండనే ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. మన ఫోనులో కువైట్‌లోని బావమరిది నంబరుంది, పొరుగింటి వితంతువు నంబరుంది, పెళ్లిలో తీసిన ఆడవారి ఫోటోలున్నాయి. అవి మన సొత్తు కావు, వారు మన వద్ద ఉంచిన అమానత్. ఏదో ఆట యాప్ వాటిని చూడనిమ్మని అడిగితే ఆలోచించకుండా 'అనుమతించు' అని నొక్కడం, పొరుగువారి గుమ్మపు పరదాను మనమే ఎత్తి చూపడం వంటిది.

అల్లాహ్ మన ఇళ్ల మర్యాదను కాపాడుగాక! ఇతరుల అమానత్‌ను కాపాడే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.