సగం వచనం చదివే భర్తలకు



ఈ సంగతి ఆదివారం పిల్లాజెల్లా ముందు చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొందరికి కోపం వస్తే రానివ్వండి.

ఒక సహోదరికి మూడో నెలలో కడుపు పోయింది. ఏ ఊరని అడగకండి, ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పదో రోజున మా ఇంటావిడ దగ్గర కూర్చుని ఏడ్చింది. "ఇంకా రక్తం ఆగలేదు అమ్మగారూ, ఆయన వినడం లేదు" అంది.

భర్తను పిలిచి అడిగితే నాకే వాక్యం చూపించాడు. మొదటి కొరింథీ 7వ అధ్యాయం 4వ వచనం ప్రకారం భార్య శరీరం మీద అధికారం భర్తదట. మరి సగంలో ఎందుకు ఆపావు తమ్ముడూ? భర్త శరీరం మీద భార్యకూ అంతే అధికారముందని పౌలు అదే వచనంలో రాశాడు. ఎఫెసీ 5వ అధ్యాయంలో భార్యను సొంత శరీరంలా ప్రేమించమన్నాడు. నీ కాలికి గాయమైతే పచ్చి పుండు మీద నడుస్తావా?

కడుపు పోయాక రక్తస్రావం సాధారణంగా ఒకటి రెండు వారాలుంటుంది. ఆ రోజుల్లో గర్భసంచికి ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం ఎక్కువ. అందుకే రక్తం పూర్తిగా ఆగేదాకా కలయిక వద్దంటారు డాక్టర్లు. రెండు వారాలైనా ఆగమనేవారు చాలామంది. క్లీనింగ్ జరిగితే, చేసిన డాక్టరు చెప్పినన్నాళ్ళు ఆగాలి. జ్వరం, దుర్వాసన, గంటకు రెండు ప్యాడ్లు తడిసిపోయేంత రక్తం, తగ్గని కడుపునొప్పి ఉంటే, ప్రార్థనకు నన్ను పిలవకముందే 108కి ఫోన్ చేయండి.

రక్తం ఆగినంత మాత్రాన ఆమె సరేనన్నట్టు కాదు. ఒళ్ళు తేరుకున్నా మనసు తేరుకోకపోవచ్చు. అడగాలి, కాదంటే ఆగాలి. ఇంకో మాట, నెలసరి రాకముందే, రెండు వారాలకే మళ్ళీ గర్భం నిలవవచ్చు. అప్పుడే వద్దనుకుంటే ఆ జాగ్రత్త భర్తకూ ఉండాలి.

అత్తమ్మలారా, మీకూ ఒక మాట. "బిందె మోసింది, ఏదో పాపం చేసింది" అనకండి. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం, పిండం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి. అందులో ఆమె తప్పు లేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులడిగితే, వాడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు ప్రభువు.

1961 నాటి ప్రసూతి చట్టం, గర్భస్రావమైన ఉద్యోగినికి 6 వారాలు జీతంతో సెలవిచ్చింది. సర్కారుకున్న కనికరం రక్షణ పొందిన ఇంట్లో లేకపోతే ఎలా?

పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తన వస్త్రం ముట్టుకుంటే యేసు కసరలేదు. జనమందరి ముందు కుమారీ అని పిలిచాడు. ఆయన కుమార్తె నీ ఇంట్లో ఉంది తమ్ముడూ. ఈ రాత్రి నీ హక్కు సంగతి పక్కనపెట్టి, ఆమె అన్నం తిన్నదో లేదో అడుగు.

ప్రభువు మీ ఇళ్ళను ఆదరించును గాక. ఆమేన్.